తెల్లారేసరికి మారిపోయే తెలుగు కీబోర్డు: ఒక విలేకరి ఫోన్ కేసు

ఫోన్: ఆండ్రాయిడ్ 13, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. ధర తక్కువ, బ్యాటరీ పెద్దది. మండల విలేకర్ల చేతుల్లో మామూలుగా కనిపించే రకం. కీబోర్డు: ప్లే స్టోర్ నుంచి వేసుకున్న తెలుగు యాప్, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి. వార్తలన్నీ వాట్సాప్‌లోనే కొట్టి డెస్కుకు పంపడం అలవాటు. ఫిర్యాదు ఆయన మాటల్లోనే: "పొద్దున లేచేసరికి తెలుగు పోయి ఇంగ్లీషు బోర్డు వచ్చి కూర్చుంటోంది సార్. మళ్లీ పెట్టుకుంటే కాసేపు ఉంటోంది, ఒక్కోసారి పట్టపగలే పోతోంది. బ్యాంకు యాప్‌లో అసలు రానే రాదు. పైగా నేను సరిగ్గానే కొడుతున్నా, ఒత్తులు తప్పుగా వస్తున్నాయని డెస్కు వాళ్లు అంటున్నారు."

ఇందులో మూడు సమస్యలున్నాయి. కీబోర్డు మారిపోవడం ఒకటి, బ్యాంకు యాప్‌లో రాకపోవడం ఇంకొకటి, ఒత్తుల గొడవ మూడోది. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం లేదు. అన్నీ ఒకే ఫోన్‌లో, ఒకే యాప్ చుట్టూ జరుగుతున్నాయి కాబట్టి ఆయన అన్నింటినీ కలిపి 'కీబోర్డు పాడైంది' అనేసుకున్నారు. అందరూ చేసే వైద్యమే చేశారు: యాప్ తీసేసి మళ్లీ వేశారు. తగ్గకపోతే మళ్లీ అదే. ఆపైన 'ఫోన్ స్లో అయింది' అని ఎవరో చెబితే ఒక క్లీనర్ యాప్ కూడా దించుకున్నారు. యాప్ తీసిన ప్రతిసారీ అది నేర్చుకున్న పేర్లన్నీ పోయాయి. ఊళ్ల పేర్లు, నాయకుల ఇంటిపేర్లు, శాఖల పేర్లు మళ్లీ మొదటి నుంచి నేర్పుకోవాల్సి వచ్చింది. రోజంతా టైపు చేసే మనిషికి ఇది చిన్న నష్టం కాదు.

అన్‌ఇన్‌స్టాల్ చేసేముందు చూడాల్సిన చోట్లు రెండున్నాయి. రెండింటికీ కలిపి నిమిషం పట్టదు.

మొదటిది సెట్టింగ్స్, సిస్టమ్, లాంగ్వేజెస్ అండ్ ఇన్‌పుట్, ఆన్ స్క్రీన్ కీబోర్డ్. కంపెనీని బట్టి దారి మారుతుంది. సెట్టింగ్స్ పైనున్న వెతుకులాట పెట్టెలో 'కీబోర్డ్' అని కొడితే నేరుగా దొరుకుతుంది. ఇక్కడ ఒక్కో కీబోర్డు పక్కన ఒక స్విచ్ ఉంటుంది. స్విచ్ ఆన్‌లో ఉండటం వేరు, ప్రస్తుతం వాడుతున్న కీబోర్డు అదే కావడం వేరు. ఆన్‌లో ఉన్నవి ఎన్నైనా ఉండొచ్చు, ఏ క్షణానైనా వాడుకలో ఉండేది ఒక్కటే. కీబోర్డు మాయమైనప్పుడు తెలుగు యాప్ స్విచ్ ఎలా ఉందన్నదే అసలు ఆధారం. మళ్లీ పెట్టేసుకున్నాక చూస్తే ఆధారం చెరిగిపోతుంది. అందుకే మారిపోయి కనిపించగానే ఏదీ ముట్టుకోకుండా ఈ పేజీ, కింద చెప్పే రెండో పేజీ స్క్రీన్‌షాట్లు తీసి పంపమన్నాం.

రెండోది సెట్టింగ్స్, యాప్స్, ఆ కీబోర్డు యాప్ పేజీ. అక్కడ 'ఫోర్స్ స్టాప్' బటన్ నల్లగా, నొక్కడానికి వీలుగా ఉందా, బూడిద రంగులో చచ్చుబడి ఉందా చూడాలి. బూడిద రంగులో ఉంటే ఆ యాప్‌ను ఎవరో అప్పటికే బలవంతంగా ఆపేశారని అర్థం.

ఈయన పంపిన స్క్రీన్‌షాట్లలో తెలుగు యాప్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఫోర్స్ స్టాప్ బటన్ మాత్రం బూడిద రంగులో ఉంది. అక్కడికి సగం కేసు తేలిపోయింది.

మెమరీ చాలక ఆండ్రాయిడ్ ఒక యాప్‌ను చంపేయడం, దాన్ని ఫోర్స్ స్టాప్ చేయడం ఒకటి కావు. మెమరీ చాలక కీబోర్డు ప్రాసెస్ పోతే వ్యవస్థ దాన్ని మళ్లీ తనే లేపుకొస్తుంది. మొదటిసారి అక్షరాల పలక తెరుచుకోవడం రెండు మూడు సెకన్లు ఆలస్యం కావచ్చు, అంతే. డీఫాల్ట్ కీబోర్డు, అంటే వాడుకకు ఎంచుకున్న కీబోర్డు, మారదు. ఫోర్స్ స్టాప్‌తో జరిగేది వేరు. డీఫాల్ట్‌గా ఉన్న కీబోర్డునే ఆపేశారంటే ఆండ్రాయిడ్‌లో కీబోర్డుల్ని చూసుకునే సర్వీసు ఆ డీఫాల్ట్ విలువను చెరిపేసి, ఆన్‌లో ఉన్నవాటిలోంచి కొత్తదాన్ని ఎంచుకుంటుంది. ఎంచుకోవడంలోనూ దానికో వరస ఉంది: ఫోన్‌తోపాటు వచ్చిన కీబోర్డు, అందులోనూ ఇంగ్లీషు ఉన్నది ముందు. బయటి యాప్‌కంటే అదే క్షేమమని దాని లెక్క. ఇంగ్లీషు బోర్డు 'దానంతటది' వచ్చి కూర్చోవడానికి కారణం ఇదే. తెలుగు యాప్‌లో ఏ లోపమూ లేకపోయినా ఇలాగే జరుగుతుంది.

నమ్మకం కుదరాలంటే చేతితో చేసి చూపించాలి. వాట్సాప్‌లో తెలుగు కీబోర్డు తెరిచి రెండు మాటలు కొట్టించాం. తర్వాత యాప్స్‌లోకి వెళ్లి ఆ కీబోర్డుకు ఫోర్స్ స్టాప్ నొక్కి, తిరిగి వాట్సాప్‌లోకి వచ్చి పెట్టెలో వేలు పెట్టాం. ఇంగ్లీషు బోర్డే వచ్చింది, రోజూ పొద్దున కనిపించేదే. అనుమానం ఉన్నవాళ్లు ఫోన్‌లో యూఎస్‌బీ డీబగింగ్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌ను పరీక్షించనిచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, కంప్యూటర్‌కు కలిపి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలిచ్చే పనిముట్టు) ద్వారా సెక్యూర్ సెట్టింగ్స్‌లోని డీఫాల్ట్ ఇన్‌పుట్ మెథడ్ విలువను ఫోర్స్ స్టాప్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి అడగవచ్చు. ముందు తెలుగు యాప్ ప్యాకేజీ పేరు, తర్వాత ఫోన్ సొంత కీబోర్డు పేరు కనిపిస్తాయి. పని అయ్యాక డీబగింగ్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు, అప్పుడు మరో ఫిర్యాదు మొదలవుతుంది.

ఇక ఫోర్స్ స్టాప్ ఎవరు చేస్తున్నారు? పగలు ఒకరు, రాత్రి ఒకరు అని తేలింది.

పగటి పని క్లీనర్ యాప్‌ది. దానికి యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చి ఉంది. ఆ అనుమతి ఉన్న యాప్ మనిషి బదులు తెరమీద బటన్లు నొక్కగలదు. 'బూస్ట్' నొక్కగానే అది ఒక్కో యాప్ పేజీ తెరిచి ఫోర్స్ స్టాప్, ఓకే, ఫోర్స్ స్టాప్, ఓకే అంటూ వరసగా నొక్కుకుంటూ పోతుంది. ఆ వరసలో కీబోర్డు కూడా పోతుంది. ఈ తరహా యాప్‌ల వల్ల ఫోన్‌కు ఒరిగేదేమీ లేదు; ఆపిన యాప్‌లు మళ్లీ లేవడానికి అదనంగా బ్యాటరీ ఖర్చు. అంతకంటే ముఖ్యం, యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్ తెరమీది అక్షరాలన్నీ చదవగలదు. కీబోర్డు మీద అనుమానపడి క్లీనర్‌ను నమ్మడం తలకిందుల వ్యవహారం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, డౌన్‌లోడెడ్ యాప్స్‌లోకి వెళ్లి అనుమతి తీసేసి, ఆ తర్వాత యాప్‌నే తీసేయించాం.

పగటిపూట పోవడం ఆగింది, తెల్లవారుజాము సమస్య ఆగలేదు. అది ఫోన్‌తో వచ్చిన మేనేజర్ యాప్ పని. తెర లాక్ అయ్యాక ఇన్ని నిమిషాలకు మెమరీ ఖాళీ చేయాలనే సెట్టింగ్ చాలా కంపెనీల ఫోన్లలో ఉంటుంది. ఇందులో 10 నిమిషాలకు పెట్టి ఉంది. కంపెనీలు ఇలా ఆపడాన్ని 'క్లీన్', 'ఆప్టిమైజ్' అని రకరకాల పేర్లతో పిలుస్తాయి. చాలా ఫోన్లలో అది మామూలు ఆపడం కాదు, ఫోర్స్ స్టాపే. పగలు తెర తరచూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి 10 నిమిషాలు నిండవు, నిద్రపోయాక నిండుతాయి. దాన్ని పరీక్షించడానికి రాత్రంతా ఆగనక్కర్లేదు. తెర లాక్ చేసి పావుగంట ఆగి, తెరిచి చూస్తే చాలు.

చేసిన మార్పులు, ఈ వరసలోనే:

లాక్ తర్వాత మెమరీ ఖాళీ చేసే సెట్టింగ్‌ను 'నెవర్'కు మార్చాం. కీబోర్డు యాప్ పేజీలో బ్యాటరీని 'అన్‌రెస్ట్రిక్టెడ్' లేదా 'నో రిస్ట్రిక్షన్స్' చేశాం. మధ్యలో ఉండే 'ఆప్టిమైజ్‌డ్' ఇలాంటి ఫోన్లలో చాలదు. ఆటోస్టార్ట్ (యాప్ దానంతటది లేచే అనుమతి) ఆన్ చేశాం. ఇటీవల వాడిన యాప్‌ల జాబితాలో కీబోర్డు సెట్టింగ్స్ పేజీ కనిపిస్తే దానికి తాళం గుర్తు పెట్టించాం. కొన్ని ఫోన్లలో ఆ జాబితాలోంచి పక్కకు తోసేయడం కూడా ఫోర్స్ స్టాప్‌తో సమానం. అన్నీ తోసేసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది తప్పదు. ఇవన్నీ అయ్యాకే తెలుగు కీబోర్డును మళ్లీ డీఫాల్ట్ చేశాం. ముందే చేస్తే మార్పుల మధ్యలో అది మళ్లీ ఆగిపోయే అవకాశం ఉంది.

దీనికి తోడు ఇంకో పని చేయించాం. నిజానికి అందరూ మొదట చేయాల్సింది ఇదే అనిపిస్తుంది. ఏ కారణంతో జారినా ఆండ్రాయిడ్ పడేది ఫోన్ సొంత కీబోర్డు మీదే కాబట్టి, అందులోనూ తెలుగు పెట్టి ఉంచడం. ఈ ఫోన్‌లో అది గూగుల్ కీబోర్డు, జీబోర్డ్. కీబోర్డు తెరిచి పైన గేర్ గుర్తు, లాంగ్వేజెస్, యాడ్ కీబోర్డ్, తెలుగు. అక్కడ లేఅవుట్ అడుగుతుంది: తెలుగు అక్షరాల పలక, లేదా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేది. ఈయన చేతి అలవాటుకు రెండోది. గ్లోబు గుర్తు నొక్కితే భాష మారుతుంది. స్పేస్ బార్ నొక్కి పట్టుకున్నా సరే. ఇక అర్ధరాత్రి ప్రమాదం వార్త వచ్చిన వేళ కీబోర్డు జారిపోయినా వార్త ఆగదు.

లాక్ చేసి ఉంచి చూశాం, రీస్టార్ట్ చేసి చూశాం, బ్యాటరీ సేవర్ ఆన్ చేసి చూశాం. మూడింట్లోనూ తెలుగు నిలబడింది. రీస్టార్ట్ చేసిన వెంటనే, మొదటిసారి పాస్‌వర్డ్ అడిగే తెర మీద మాత్రం ఇంగ్లీషు బోర్డే వస్తుంది. అది లోపం కాదు. ఆండ్రాయిడ్ 7 నుంచి వచ్చిన డైరెక్ట్ బూట్ పద్ధతిలో, మొదటి అన్‌లాక్ వరకు వాడకందారు డేటా తాళం కిందే ఉంటుంది. ఆ స్థితిలో నడిచేలా రాసిన యాప్‌లే అప్పుడు లేస్తాయి. అన్‌లాక్ అయ్యాక తెలుగు దానంతటదే రావాలి. రాకపోతేనే అనుమానించాలి.

ఇదే లక్షణం వేరే కారణంతోనూ వస్తుంది, అక్కడ స్విచ్ సాక్ష్యం పలుకుతుంది. కీబోర్డు మారిపోయినప్పుడు స్విచ్ కూడా ఆఫ్ అయి ఉంటే, ఆ యాప్ కాసేపు ఫోన్‌కు అసలు కనిపించకుండా పోయిందన్నమాట. పాత ఫోన్లలో దీనికి మొదటి అనుమానితుడు ఎస్‌డీ కార్డు. స్టోరేజీ నిండిందని యాప్‌లను కార్డులోకి తోసేటప్పుడు కీబోర్డు కూడా వెళ్లిపోతుంది. రీస్టార్ట్‌లో కార్డు ఆలస్యంగా అందుతుంది, అప్పటికే ఆండ్రాయిడ్ కీబోర్డు లేదని వేరేది పెట్టేస్తుంది. కార్డు అందాక కూడా స్విచ్ తనంతట తాను ఆన్ కాదు, మనమే చేయాలి. కీబోర్డు యాప్ ఎప్పుడూ ఫోన్ సొంత మెమరీలోనే ఉండాలి. స్విచ్ ఆన్‌లో ఉండి, డీఫాల్ట్ కూడా అదే అయి, పలక మాత్రం తెరుచుకుంటూనే మూసుకుపోతుంటే యాప్ క్రాష్ అవుతోందని అర్థం. అప్పుడు ముందు క్లియర్ క్యాష్ (యాప్ తాత్కాలిక ఫైళ్లు తీసేయడం). నేర్చుకున్న పదాలు పోకూడదనుకుంటే క్లియర్ డేటా జోలికి పోవద్దు. అది నొక్కడమంటే యాప్ తీసి మళ్లీ వేసినట్టే. తప్పదనుకుంటే ముందుగా సొంత పదకోశాన్ని ఎగుమతి చేసుకునే వీలు యాప్‌లో ఉందేమో చూసుకోవాలి. ఆఫీసు ఇచ్చిన ఫోన్, లేదా ఆఫీసు ప్రొఫైల్ ఉన్న ఫోన్ అయితే ఏ కీబోర్డులు వాడవచ్చో అడ్మిన్ నిర్ణయించగలరు. అక్కడ మనం ఎంత తిప్పినా లాభం లేదు, ఐటీ వాళ్లనే అడగాలి.

బ్యాంకు యాప్ ఫిర్యాదుకు వైద్యం అక్కర్లేదు, వివరణ చాలు. యూపీఐ పిన్ అడిగే తెరమీది అంకెల పలక ఏ కీబోర్డు యాప్‌దీ కాదు, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ గీసేది. ఎంపిన్ (మొబైల్ బ్యాంకింగ్ పిన్) పెట్టెలకు కూడా చాలా బ్యాంకులు సొంత పలకే వాడతాయి. ఐఫోన్‌లో ఇంకొంచెం కట్టుదిట్టం: బయటి కీబోర్డులను యాపిల్ 2014లో ఐఓఎస్ 8తో అనుమతించింది, పాస్‌వర్డ్ పెట్టెలకు మాత్రం అవి రావు, ఫోన్ సొంత కీబోర్డే వస్తుంది. యాప్ తయారుచేసినవాళ్లు కావాలంటే తమ యాప్ మొత్తంలో బయటి కీబోర్డుల్ని వద్దనవచ్చు. అక్కడ తెలుగు కీబోర్డు రాకపోవడమే మనకు మేలు.

ఒత్తుల సంగతికి కాస్త ఓపిక కావాలి. డెస్కు తిప్పి పంపిన మాటల్లో ఇవి ఉన్నాయి: 'పోలీస్స్టేషన్', 'రాజ్కుమార్', 'ఫేస్బుక్'. ఆయన కోరుకున్నవి 'పోలీస్‌స్టేషన్', 'రాజ్‌కుమార్', 'ఫేస్‌బుక్'. ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రమాణమైన యూనికోడ్‌లో పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా కిందికి దిగాల్సిందే, అది నియమం. దిగకుండా పొల్లును పొల్లుగానే నిలపాలంటే రెండింటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు అలవాటైన ఇంగ్లీషు మాటలకు దాన్ని తామే పెడతాయి. కొన్నింటిలో ఏదో ఒక కీ నొక్కి పట్టుకుంటే వస్తుంది, కొన్నింటిలో అసలు లేదు. ఈయన యాప్ సూచనల పట్టీలోంచి మాట ఎంచుకుంటే గుర్తు పెడుతోంది, నేరుగా స్పేస్ కొట్టేస్తే పెట్టడం లేదు. అందుకే ఒకే వార్తలో ఒకచోట సరిగ్గా, ఇంకోచోట తప్పుగా వచ్చింది.

దీనికి తేలికైన దారి సొంత పదకోశం. సరైన రూపం ఎక్కడైనా ఒకసారి దొరికితే దాన్ని కాపీ చేసి, కీబోర్డు సెట్టింగ్స్‌లోని పర్సనల్ డిక్షనరీలో 'వర్డ్' పెట్టెలో అతికించి, 'షార్ట్‌కట్' పెట్టెలో రెండు మూడు అక్షరాల సంకేతం ఇవ్వడం. ఆ సంకేతం కొట్టగానే పూర్తి మాట సూచనల్లో వస్తుంది. నేర వార్తలు రాసేవాళ్లకు పదిహేను ఇరవై మాటలు ఇలా పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. సరిగ్గా అతికిందా అన్నది చూడ్డానికి ఒక చిట్కా: మాట మధ్యలో కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కటిగా నొక్కుతూ పోతే, ఒక నొక్కుకు ఏ అక్షరమూ చెరగకుండా పొల్లు ఒత్తుగా మారుతుంది. అక్కడే ఆ గుర్తు ఉన్నట్టు. పొట్టిగా కనిపించే 'స్త్రీ' కూడా లోపల ఆరు యూనికోడ్ అక్షరాలు. సాధారణంగా బ్యాక్‌స్పేస్ వాటినే ఒక్కొక్కటిగా తీస్తుంది. మొత్తం అక్షరం ఒకేసారి చెరిగిపోయే యాప్‌లలో ఈ చిట్కా పనిచేయదు.

డెస్కు వైపు కూడా ఒక మాట చెప్పాల్సి వచ్చింది. యూనికోడ్ వార్తను పేజీలు కూర్చే డీటీపీ పాత ఫాంట్లలోకి మార్చే కన్వర్టర్లు కొన్ని ఈ కనిపించని గుర్తును అర్థం చేసుకోలేక పెట్టెగానో ప్రశ్నార్థకంగానో వదులుతాయి. మార్చేముందు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో దాన్ని మూకుమ్మడిగా తీసేస్తే పొల్లులన్నీ ఒత్తులై మళ్లీ మొదటికొస్తుంది. కన్వర్టర్‌లోనే ఆ గుర్తుకు నియమం రాయించుకోవాలి. కనిపించదు కదా అని తేలిగ్గా తీసుకునే గుర్తు కాదిది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుదేలు చేసిన 'తెలుగు అక్షరం' ఇదే తరహాది: జ్ఞ తర్వాత ఈ గుర్తు, ఆపైన దీర్ఘం. అది తెరమీదికి వస్తే యాప్ కూలిపోయేది. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

చివరగా ఆ తెలుగు యాప్‌కు ఇచ్చి ఉన్న అనుమతులు చూశాం. కాంటాక్ట్స్, లొకేషన్, మైక్, ఫైల్స్ అన్నీ ఇచ్చేసి ఉన్నాయి. మైక్ ఒక్కటి గొంతుతో టైపు చేయడానికి కావాలి. మిగతావి తీసేసినా టైపింగ్‌లో తేడా రాలేదు. కొత్త కీబోర్డు ఆన్ చేసేటప్పుడు, పాస్‌వర్డ్‌లు సహా కొట్టిందంతా ఇది సేకరించగలదని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. అది ఏ కీబోర్డుకైనా వచ్చే హెచ్చరికే కానీ ఉత్తుత్తిదేమీ కాదు. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అనే కీబోర్డు యాప్ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా లేకుండా బయటపడింది, సుమారు 3.1 కోట్ల మంది వాడకందారుల వివరాలు, వాళ్ల ఫోన్లలోని కాంటాక్టులు సహా. 2016లో స్విఫ్ట్‌కీలో ఒకరి ఈమెయిల్ చిరునామాలు ఇంకొకరికి సూచనలుగా రావడంతో సింక్‌ను (నేర్చుకున్న మాటల్ని కంపెనీ సర్వర్లలో దాచే సౌకర్యాన్ని) కొన్నాళ్లు ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ తొమ్మిది కంపెనీల చైనీస్ పిన్‌యిన్ కీబోర్డులను (ఇంగ్లీషు అక్షరాలతో చైనీస్ కొట్టేవి) పరిశీలించి, ఎనిమిదింటిలో, కొట్టే అక్షరాలు దారిలోనే ఇతరుల చేతిలో పడే లోపాలున్నాయని చెప్పింది. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు రోజూ టైపు చేసే విలేకరి కీబోర్డులో క్లౌడ్ సింక్ ఉండకూడదన్నది మా ఖాయమైన అభిప్రాయం. ఈ ఫోన్‌లో సింక్ ఆపి, యాప్‌వారీగా డేటా ఆపే వీలు ఉంది కాబట్టి కీబోర్డుకు మొబైల్ డేటా, వైఫై రెండూ ఆపేశాం. జిఫ్‌లు, థీములు పోయాయి. గొంతు టైపింగ్‌కు ఆఫ్‌లైన్ ప్యాక్ ముందే దించి ఉండటంతో అది మిగిలింది. ఆ వీలు లేని ఫోన్లలో ఇంటర్నెట్ అనుమతిని వాడకందారు తీసేయలేడు. అక్కడ సింక్ ఆపడం, పేరున్న యాప్ ఎంచుకోవడం, ఇంతే దారి. ఐఫోన్‌లో 'అలౌ ఫుల్ యాక్సెస్' ఆఫ్‌లో ఉంటే బయటి కీబోర్డుకు నెట్ అందదు.

మూడు సమస్యల్లో మళ్లీ తిరగబెట్టగలిగింది మొదటిదే. ఫోన్ కంపెనీ పెద్ద అప్‌డేట్ ఇచ్చినప్పుడు బ్యాటరీ, ఆటోస్టార్ట్ సెట్టింగులు కొన్నిసార్లు మొదటికొస్తాయి. అప్‌డేట్ అయిన రోజు రాత్రి పడుకునేముందు ఆ రెండూ, లాక్ తర్వాత క్లీన్ చేసే సెట్టింగూ చూసుకోమని ఆయనకు రాసిచ్చాం.